మబ్బు ఎక్కిన బస్సు

ఒమాన్ దేశంలోని దుక్మ్‌లో మల్లేశం నడిపే బస్సు సగం డీజిలు మీద, సగం అతని కబుర్ల మీద నడిచేది. క్యాంపు నుంచి సైటుకు పోయే కూలీలు ముందు సీట్ల కోసం తోసుకునేవారు. హెల్మెట్‌లో పెట్టిన కోడిగుడ్డు ఎండకే పగిలి పిల్ల బయటికొచ్చిందనీ, గాలిదుమారం తమ సూపర్‌వైజర్ని ఎత్తుకుపోయి పక్క కంపెనీలో దించితే వాళ్లు హాజరు వేసుకుని పని చెప్పారనీ అతను చెబుతుంటే దారి ఎంత పొడుగో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ కబుర్లకు అసలు గిరాకీ మాత్రం జగిత్యాల దగ్గరి పల్లెలో ఉండేది. కూతురు నవీన ఫోను చెవికి ఆనించుకుని మాటమాటకూ ఊఁ కొట్టేది. ఆ ఊఁ వినబడితే చాలు, మల్లేశం కబుర్లలో ఒంటె కూడా గాలిలో ఎగిరేది.

నవీన ఆరో తరగతికొచ్చాక ఆ ఊఁ ఆగిపోయింది. ఒమాన్‌లో ఒక అడవి ఉందని, వానాకాలంలో అక్కడ మబ్బు కిందికి దిగి రోడ్డు మీద నడుస్తుందని, బాపు చెప్పింది చెప్పినట్టే బడిలో చెప్పింది నవీన. లాస్య అనే పిల్ల అట్లాసు తెచ్చి ఒమాన్ మీద వేలు పెట్టింది. ఎటు చూసినా ఇసుక రంగే. క్లాసంతా ఒకటే నవ్వు. ఆనాటి నుంచి బాపు ఏం మొదలుపెట్టినా "తిన్నవా బాపు? మంచిది" అని ఫోను వాళ్లమ్మకు ఇచ్చేస్తోంది.

సంగతంతా భార్య ఫోనులో మల్లేశానికి చెప్పింది. తాను చెప్పేవాటిలో చాలామట్టుకు గప్పాలే. కానీ ఆ అడవి నిజం! కంపెనీ పని మీద దక్షిణాన ఉన్న సలాలా పోయినప్పుడు కళ్లారా చూశాడు. బిడ్డ ఆ ఒక్కటి చూస్తే చాలనుకున్నాడు. మళ్లీ ఊఁ కొడితే చాలు.

అందుకే ఈ జూలైలో భార్య సుమలతనూ నవీననూ విజిట్ వీసా మీద రప్పించాడు. కంపెనీ ఒక ముసలి బస్సును సలాలాలో ఎవరికో అమ్మితే, దాన్ని అక్కడ అప్పజెప్పే పని అడిగి మరీ తెచ్చుకున్నాడు. మెకానిక్ ఎహసాన్‌తో కలిసి వెనక సీట్లు విప్పి పరుపు పరిచాడు. గ్యాసు పొయ్యి బిగించాడు, నీళ్ల డ్రమ్ముకు నల్లా పెట్టాడు. సుమలత చీర ఒకటి చినిగి కిటికీలకు పరదాలైంది. గృహప్రవేశం కూడా అయింది. ఎహసాన్ లోపల చాయ్ కాచి నలుగురికీ పోశాడు.

బయల్దేరారు. దారి పొడుగునా ఇసుకే.

"ఏమయ్యా, అడివంటివి గద. ముందుగాల ఒక్క తుమ్మచెట్టన్న చూపియ్యి," అంది సుమలత.

"ఆగరాదు. అడివి మనకు ఎదురొస్తాంది."

"నడుసుకుంటనా?"

"బస్సు దొర్కలేదట."

సుమలత ఫక్కున నవ్వింది. మల్లేశం అద్దంలోకి చూశాడు. నవీన కిటికీకి నుదురు ఆనించి ఇసుకనే చూస్తోంది. ఊఁ లేదు.

తుమ్రైత్ అనే ఊరు దాటి కొండ అంచుకు చేరేసరికి ఎవరో దూది బస్తా విప్పి బస్సు మీద కుమ్మరించినట్టయింది. సన్నగా తుంపర. వైపర్ అటూ ఇటూ కొట్టుకుంటోంది కానీ తుడవడానికి తెలుపు తప్ప ఏమీ లేదు. మల్లేశం లైట్లేసి, నత్త కూడా దాటిపోయేంత మెల్లగా నడిపి, చదునుగా తగిలిన చోట ఆపాడు.

"వచ్చినం! చూడుండ్రి అడివి!"

సుమలత పరదా జరిపింది. "ఏడ? అంత తెల్లగున్నది."

"తెలుపు ఎనుకాల ఆకుపచ్చ ఉన్నది."

నవీన మళ్లీ కిటికీకి నుదురు ఆనించింది. అది చూసి మల్లేశానికి గుబులు పుట్టింది. గుబులు పుడితే అతని నాలుక ఇంకా జోరందుకుంటుంది.

"కుడిదిక్కు చెట్లున్నయ్ చూడు బిడ్డా, ఒక్కో చెట్టు కింద ఒక్కో పెండ్లి చెయ్యచ్చు. ఎడమదిక్కు జలపాతం! ఇనుండ్రి, ఎట్ల దుంకుతాందో! ఏడు తాటిచెట్లంత ఎత్తు. గా నీళ్లు తాగితే ముసలోళ్లకు మల్ల పండ్లు మొలుస్తయ్."

నిజంగానే ఎడమవైపు నీళ్లు దబదబా పడుతున్న చప్పుడు. నవీన తల తిప్పి చెవి పెట్టింది. పెదవులు కొంచెం విడ్డాయి. మల్లేశం ఊపిరి బిగబట్టాడు. వచ్చేస్తోంది, ఊఁ వచ్చేస్తోంది.

అప్పుడు జలపాతం మాట్లాడింది.

"ఎవురన్నా అది, నా ట్యాంకరును ఏడు తాటిచెట్లని కూస్తాండేది?"

గాలి తిరిగి మబ్బు పలచబడింది. బస్సుకు బారెడు దూరంలో ఒక టీ హోటలు, దాని పక్కన నీళ్ల ట్యాంకరు. పైపు ఊడి నీళ్లన్నీ నేలపాలవుతున్నాయి. పైపుతో కుస్తీ పడుతున్న మనిషి తలెత్తి, తాను కడప ఖాదర్‌వలినని చెప్పుకున్నాడు.

"ఈ నీళ్లకు పండ్లు మొలిచేదుంటే నాకీపాటికి మూడు వరసలుండాల గదన్నా!"

సుమలత నవ్వాపుకోలేక పరుపు మీద దొర్లింది. నవీన నవ్వలేదు.

"ఇగ చాలు బాపు," అంది మెల్లగా. "లాస్య చెప్పిందే నిజం."

"అడివి ఈడ్నే ఉండాది పాపా," అన్నాడు ఖాదర్‌వలి పైపు చుడుతూ. "మబ్బు లేచ్చే కనపడ్తాది. యాడికీ పోవాకండి."

"గా అన్న సుత నీ దోస్తేనా బాపు?"

ట్యాంకరు వెళ్లిపోయింది. మబ్బు మళ్లీ మూసుకుంది. మల్లేశం స్టీరింగు ముందు కూర్చుని నోరు మూసుకున్నాడు. అతని నోరు అంతసేపు మూసి ఉండటం సుమలత పెళ్లయ్యాక చూడలేదు. భయమేసి, బియ్యప్పిండి తడిపి సర్వపిండి తట్టడం మొదలుపెట్టింది. పల్లీలు, కారం, నువ్వులు నూనెలో వేగిన వాసన బస్సంతా కమ్ముకుంది. పొగ పోవడానికి తలుపూ కిటికీలూ తెరిచింది.

పొగ బయటికి పోయింది. మబ్బు లోపలికొచ్చింది. తీరిగ్గా మెట్లెక్కి, సీట్ల మధ్య నుంచి నడిచి, పరుపు దాకా వచ్చి ఆగింది. నవీన చెయ్యి చాచింది. వేళ్లు తడిశాయి. వెనక్కి తిరిగి బాపును చూసింది. అతను పెదవి కొరుక్కుంటూ ఉన్నాడు.

"ఏం చెప్తలేవేంది?"

"నేనేం చెప్పలే బిడ్డా. అదే వచ్చింది."

నవీన సర్వపిండి ముక్క పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. మబ్బులోంచి ఒక పొడుగాటి మూతి దూరి, ఆ ముక్కను చేతిలోంచి లటుక్కున అందుకుంది.

"అమ్మో! ఒంటె!"

ఒంటె నమిలింది. కారం నషాళానికంటినట్టుంది, ముక్కు ఎగబీల్చి తల విదిలించింది. పోతుందనుకుంటే మళ్లీ మూతి పెట్టింది. నవీన కేకలన్నీ నవ్వులైపోయాయి. దాని వెనక ఇంకో ఒంటె, ఇంకోటి, మందకు మందే. కనురెప్పల మీద తుంపర మోసుకుంటూ రోడ్డు వెంబడి నడిచి పోతున్నాయి. వాటితోపాటే మబ్బు కూడా, ఎవరో దుప్పటి లాగినట్టు, జరిగిపోయింది.

కొండంతా ఆకుపచ్చ! పైనుంచి లోయ అడుగు దాకా చెట్లే చెట్లు. మోకాలెత్తు గడ్డి. గడ్డిలో అరబ్బు కుటుంబాలు చాపలేసుకుని, గొడుగైనా లేకుండా తుంపరలో తడుస్తూ, చాయ్ పోసుకుంటున్నాయి.

"వానొస్తే ఇంట్లకు ఉరుకుతరు గని, చాప తెచ్చుకొని కూసున్నరేంది!" అంది సుమలత.

నవీన అప్పటికే చెప్పుల్లేకుండా గడ్డిలోకి పరుగెత్తింది. ఒక చెట్టును రెండు చేతులా వాటేసుకుని ఎంతసేపటికీ వదల్లేదు. తర్వాత తడిసిన జుట్టుతో బస్సెక్కి, బాపు ఫోను లాక్కుని, ఇమోలో లాస్యకు వీడియో కాల్ కలిపింది. అది కలిసేలోపల మబ్బు ఇంకోసారి కొండ మీదికి ఎక్కి వచ్చింది.

"ఏడనే నీ అడివి? అంత తెల్లగున్నది," అంది లాస్య.

"తెలుపు ఎనుకాల ఆకుపచ్చ ఉన్నదే!"

"నువ్వు సుత గప్పాలు కొట్టవడ్తివి."

నవీన మొహం ఎర్రబడింది. ఫోను పొయ్యి పక్కన నిలబెట్టి, నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఇను. మబ్బు మా బస్సెక్కింది. చెప్పులు కింద ఇడిచి, మెట్లెక్కి వచ్చి మా పరుపు మీద పండుకున్నది. గంతల ఒక ఒంటె వచ్చి నా చేతిల సర్వపిండి గుంజుకున్నది."

"తిన్నదా?"

"తిన్నది. గింత కారమేందని మా అమ్మతోని కొట్లాడింది. అయినా ఇంకోటి పెట్టుమన్నది. పెట్టకపోతే..."

అక్కడ ఆగింది. అవతల లాస్య నోరు తెరుచుకుని చూస్తోంది, చప్పుడు లేదు. ముందుకు పోవడానికి ఏదో తక్కువైనట్టు నవీన వెనక్కి తిరిగి బాపు వైపు చూసింది.

మల్లేశం స్టీరింగు మీద గడ్డం ఆనించి, "ఊఁ" అన్నాడు.

"పెట్టకపోతే, బస్సును మూపు మీదికెత్తుకొని కొండంత తిప్పింది!"