రాణిరంగు తాడు

కుళ్ళాయప్ప నా చేతగానితనం వల్లే చచ్చిపోయాడని పెనుకొండలో సగం మంది అంటారు. మిగతా సగం నా ముందర అనరు, అంతే తేడా. అననీ. నోళ్ళు వాళ్ళవి. నేను నోరు తెరిచి ఉన్నది ఉన్నట్టు చెబితే అతని భార్య హేమావతి బతకదు. అందుకని తాగుబోతునని కూడా అనిపించుకుని తిరిగాను.

మాది చెట్లెక్కే పని. చెట్లు కొట్టే పని అని మాత్రం అనొద్దు, నాకు ఒళ్ళు మండుతుంది. మచ్చుకత్తితో వచ్చి పచ్చటి చెట్టును మొండెం చేసి పోయేవాళ్ళు ఊరినిండా ఉన్నారు, వాళ్ళను పిలుచుకోండి. కుళ్ళాయప్ప అట్లాంటివాడు కాదు. బెంగళూరులో చెట్లు చూసే కంపెనీలో చేరి పని నేర్చుకుని వచ్చాడు. ఏ కొమ్మ తీస్తే చెట్టు బతుకుతుంది, ఎక్కడ కోస్తే గాయం మానుతుంది, ముందు కింది నుంచి కొంచెం కోసి తరువాత పైనుంచి కోస్తే బెరడు చీలకుండా కొమ్మ ఎట్లా దిగుతుంది, ఇవన్నీ నాకంటే చిన్నవాడైనా నాకు నేర్పింది అతనే.

పైన అతను, కింద నేను. అతని నడుముకు బెల్టు, బెల్టుకు కొక్కేలు, ఒక పెద్ద తాడు, ఒక పొట్టి తాడు. పెద్ద తాడు కింది కొస చూసుకునేది నేను. కోసేటప్పుడు రెండు తాళ్ళూ తగిలించి ఉండాలి. ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మారేటప్పుడు పొట్టి తాడు విప్పక తప్పదు. ఆ కాసేపూ మనిషి బరువంతా పెద్ద తాడు మీదే.

అతని భార్య హేమావతిది ధర్మవరం. పట్టుకు రంగులు అద్దే ఇంటి పిల్ల. కాపురానికి పెనుకొండ వచ్చినా ఆ పని వదల్లేదు. ఇంటి వెనక రేకుల కింద పొయ్యి, పొయ్యి మీద పెద్ద బాన. ధర్మవరం మగ్గాల వాళ్ళు పట్టుదారం పంపితే రంగు వేసి పంపేది. ఆ బానలో రంగుతో పాటు యాసిడ్ పోస్తారు. యాసిడ్ పడితేనే పట్టుకు రంగు నిలుస్తుంది, మెరుపు వస్తుంది, చేత్తో నలిపితే కరకరమంటుంది. అట్లాంటి ఇళ్ళలో పుట్టినవాళ్ళు యాసిడ్ అంటే దారానికి బలమనే అనుకుంటారు. ఆమెకు వేరేగా చెప్పినవాళ్ళు లేరు.

పోయిన ఆయుధపూజకు సామాన్లన్నీ కడిగి పెట్టుకున్నాం. రంపాలు, కొక్కేలు, హెల్మెట్లు అన్నీ శుభ్రమయ్యాయి. పెద్ద తాడు ఒక్కటే చెట్ల జిగురుతో, మట్టితో నల్లగా ఉండిపోయింది. ఇంత మురికి తాడు దేవుని ముందర ఎట్లా పెట్టేదని హేమావతి దాన్ని తీసుకుపోయి బానలో ముంచింది. జిగురు వల్ల రంగు సరిగ్గా పట్టలేదట. ఇంకాస్త యాసిడ్ పోసి, తెల్లారేదాకా నానబెట్టి, జాడిస్తే రంగు వెలిసిపోతుందని జాడించకుండానే ఆరేసింది. పండగ పూట నేను పోయేసరికి తాడు పెళ్ళిచీర మాదిరి రాణిరంగులో మెరిసిపోతోంది.

"ఏమబ్బా, చెట్టెక్కేకి పోతాండావా, పెండ్లిచూపులకు పోతాండావా?" అని ఆటపట్టించాను.

"నీకు కుళ్ళు గంగన్నా. మీ ఇంట్లో నీ చొక్కా ఉతికేకే దిక్కుల్యా" అన్నాడు కుళ్ళాయప్ప.

హేమావతి వాకిట్లో నిలబడి నవ్వుతోంది. "ఇంగ ఎంత పెద్ద చెట్టెక్కినా మా ఆయన యాడుండేదీ కనపడతాదన్నా" అంది. ఆ పూట ఆమె ముఖంలో ఉన్న సంతోషం నేను చెప్పలేను.

కుళ్ళాయప్ప తాడును ఆ కొస నుంచి ఈ కొస దాకా చేతుల్లోంచి పోనిచ్చి చూశాడు. ఎప్పుడూ చూస్తాడు, పండగైనా పబ్బమైనా. మధ్యలో ఒకచోట ఆగి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తరువాత భార్య వైపు చూశాడు.

"కొంచెం బిరుసుగా ఉండాదే" అన్నాడు.

"కొత్త చీరా అట్లనే ఉంటాది. వాడితే మెత్తబడతాది" అంది.

అతను నవ్వి, తాడు చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు. తాడు మీద అనుమానం వస్తే పారెయ్యడమే, ఆలోచించే పనే లేదని నాకు వందసార్లు చెప్పిన మనిషి.

పండగ అయిన కొన్నాళ్ళకే హిందూపురంలో పని వచ్చింది. ఒక కల్యాణమండపం ఆవరణలో నిద్రగన్నేరు చెట్టు, పైన ఎండిన కొమ్మలు. పెళ్ళివాళ్ళ నెత్తిన పడతాయేమోనని పిలిచారు. రెండు కొమ్మలు చక్కగా దించాం. ఇంకో కొమ్మకు మారడానికి కుళ్ళాయప్ప పొట్టి తాడు విప్పుకుని, పెద్ద తాడు మీద వెనక్కి వాలి, కాలితో మానును తన్ని ఊగాడు. తాడు తెగితే పెద్ద చప్పుడు వస్తుందనుకునేవాణ్ణి. ఏమీ రాలేదు. నా చేతిలోని తాడు ఉన్నట్టుండి తేలికైపోయింది. నేను తలెత్తేలోగా అతను మండపం మెట్ల మీద పడి ఉన్నాడు.

అంబులెన్సులో అనంతపురం తీసుకుపోతుంటే స్పృహలోనే ఉన్నాడు. నడుము కింద ఏమీ తెలియడం లేదన్నాడు. బెల్టుకు వేలాడుతున్న తెగిన కొసను పట్టుకుని వేళ్ళతో నలిపాడు. పోగులు పొడిపొడిగా రాలాయి.

"యాసిడ్" అన్నాడు. "నైలాన్ తాడుకు యాసిడ్ తగిల్తే పైకేం కనపడదు గంగన్నా, లోపల చచ్చిపోతాది. బెంగళూరులో మొదట చెప్పిందే అది. పండగనాడు వాసన చూస్తే అనుమానమొచ్చె. ఆయమ్మి మొగం చూసి అనలేకపోతి. ఈ ఒక్క పని చేసి కొత్తది కొనుక్కుందామనుకుంటి."

"మాట్లాడొద్దురా" అన్నాను.

"హేమకు చెప్పొద్దు. నా మీద ఒట్టు. ముడి ఊడిందని చెప్పు, ఏమన్నా చెప్పు. అది మాత్రం చెప్పొద్దు."

సరేనన్నాను. చెన్నేకొత్తపల్లి దాటకముందే పోయాడు.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. పెళ్ళాం చిన్నబుచ్చుకుంటుందని ప్రాణం మీదికి తెచ్చుకునే మనిషిని ఏమనాలి? అదేం ప్రేమ? దాన్ని తీసుకుపోయి ఏ బావిలో పారెయ్యాలి? తెగిన తాడును మాత్రం నేనే కాల్చేశాను, ఎవరి కంటా పడకుండా. నేనేసిన ముడి ఊడిందని అందరికీ చెప్పాను.

కర్మాంతరాలప్పుడు హేమావతి అందరి ముందూ నన్ను నిలదీసింది. "నీ చేతిలో పెట్టి పంపిస్తి కదన్నా. కింద నిలబడి ఏం చేస్తాంటివి? నువ్వేసిన ముడే గదా?" అంది. అవునమ్మా, నాదే తప్పు అన్నాను. ఆ తరువాత నన్ను పనికి పిలిచేవాళ్ళు పిలవడం మానేశారు. ఎవడి ప్రాణం వాడికి తీపి, వాళ్ళను అనడానికి లేదు. నేను సంతలో మూటలు మోసుకుంటూ బతికాను. ఆమె నన్ను తిట్టుకుంటూ అయినా లేచి తిరుగుతోంది, బానకింద మంట పెట్టుకుంటోంది, అది చాలనుకున్నాను.

వేసవి వచ్చేసరికి ఆమె తమ్ముడు ప్రసాద్ ధర్మవరం నుంచి వచ్చి అక్క ఇంట్లో చేరాడు. మగ్గం ఆగిపోయిందట. బావ సామాన్లు ఊరికే పడున్నాయి, నేనూ ఎక్కుతానని బయలుదేరాడు. అది విని నాకు మనసు ఆగలేదు. కనీసం బెల్టు కట్టుకోవడం ఎట్లాగో చూపించి వద్దామని, తిడితే తిట్టనీ అనుకుని, వాళ్ళ ఇంటికి పోయాను.

పెరట్లో తీగ మీద కొత్త తాడు ఆరేసి ఉంది. రాణిరంగు. ఇంకా చుక్కలు కారుతోంది.

"హేమమ్మా, ఈ తాడు నాకియ్యి. వేరేది నేను కొనిస్తా" అన్నాను.

"మా ఇంటి తాడు నువ్వు ముట్టొద్దు" అంది. "ఒకసారి నీ చేతికిచ్చింది చాలు. రేపు వీడు లేపాక్షిలో చింతచెట్టు ఎక్కల్ల. తాడు ఇంగా గట్టిగా ఉండల్లని యాసిడ్ ఎక్కువే పోసినా."

నేను తాడును లాగబోయాను. ప్రసాద్ నా రెక్క పట్టుకుని అవతలికి తోశాడు. కింద కూలబడి ఆలోచించాను. ఈ తాడును కోసి పడేస్తే ఇంకోటి తెస్తుంది, దాన్నీ బానలో ముంచుతుంది. చచ్చినవానికి ఇచ్చిన మాట నిలబెడితే ఉన్నవాడు పోతాడు. ఇంకో దారి లేదు. నేల మీద కూర్చునే అంతా చెప్పేశాను. యాసిడ్ పట్టుకు చేసే మేలు, నైలానుకు చేసే చెరుపు, అంబులెన్సులో రాలిన పొడి, అన్నీ.

ప్రసాద్ చేతిలోని బెల్టును కింద పెట్టేశాడు. హేమావతి ఏడవలేదు. బాన వైపు చూసింది.

"ఆయనకు తెలుసునా?" అంది.

ఇదొక్కటైనా ఆమెకు ఓదార్పు అవుతుందనుకున్నాను. నా బుద్ధి అంతవరకే పనిచేసింది. "తెలుసమ్మా. పండగనాడే అనుమానపడినాడు. నీ మొగం చూసి అనలేకపోయినాడు. పోయేటప్పుడు కూడా నీకు చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్యాడు. నువ్వంటే అంత ప్రాణం" అన్నాను.

ఆమె మెల్లగా నా వైపు తిరిగింది.

"నువ్వూ చెప్పకపోతివి. ఈ పొద్దు నువ్వు ఇట్లా రాకుంటే నా తమ్మున్ని గూడా నేనే చంపుకుంటాంటి."

ఆమె తీగ మీది తాడును ఒక చేత్తో పట్టుకుంది. రంగు నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి.

"పారెయ్ మే అని ఆయన ఒక్క మాట అనింటే పారేస్తాంటి కదన్నా. నేనేం ఏడుస్తాంటినా, కొడతాంటినా? తాడే గదన్నా. ఇంగొకటి కొనుక్కుంటాంటిమి" అంది.