చెప్పుల మొక్కు

మా మమత తొమ్మిదో తరగతి. సిరిసిల్లలో మరమగ్గం నడిపే నాలాంటివాడు బిడ్డ పేరు పేపర్లో చూడాలనుకోవడం అత్యాశో కాదో నాకు తెలియదు. కాని కబడ్డీలో మమతను మించినవాళ్లు బడిలో లేరని ఆటల టీచర్ గ్రేస్ మేడం చెప్పినప్పటి నుంచి నాకు అదే ధ్యాస. శ్రావణ శనివారం కొండగట్టు ఆంజనేయస్వామి గుడికి పోయి, బిడ్డ పేరు జిల్లా జట్టులోకి వచ్చేదాకా కాళ్లకు చెప్పులు తొడగనని అంజన్నకు మొక్కుకున్నాను. ఇంటికి రాగానే మమతకే మొదట చెప్పాను.

"నా కోసమా బాపు?"

"నీ కోసమే బిడ్డా."

నా కాళ్ల వైపు ఒకసారి చూసి లోపలికి పోయింది. సంతోషపడిందనుకున్నాను.

ఇంటి నుంచి కార్ఖానాకు మైలు దూరం. సగం కంకర రోడ్డే. మూడో వారానికి నా మడమ పగిలింది. రోజూ సాయంత్రం మమత వేడినీళ్లతో కడిగి పసుపు పెట్టేది. ఎంత భక్తి గల పిల్ల అని నేనూ, నన్ను కన్న అవ్వ శంకరవ్వా మురిసిపోయాం. కాళ్లు కడిగే పిల్ల మొహం మాత్రం ఇద్దరం చూడలేదు.

ఒకరోజు గ్రేస్ మేడం కార్ఖానాకు వచ్చింది. లోపల మగ్గాల చప్పుడు. బయటికొచ్చి మాట్లాడుకున్నాం.

"కొమురెల్లన్నా, మమత ఆట బందు జేస్త అంటాంది. జిల్లా సెలక్షన్లకు గూడ రాదట."

"ఎందుకు మేడం? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఎవలేమనలే. కూతకు పోతే నడుమల్నే దమ్ము తెగుతాంది. ఇదివరకు దొరికితే కిందపడి ఒకటే నవ్వుడు. ఇప్పుడు దొరికితే ఏడుస్తాంది." ఆమె నా కాళ్ల వైపు చూసింది. "మేం గూడ ప్రార్థన జేస్తమన్నా. కని పిల్లకు చెప్పి జెయ్యం."

నాకు కోపమొచ్చింది. చర్చికి పోయే మనిషికి మన మొక్కుల సంగతి ఏం తెలుస్తుందనుకున్నాను. ఇంట్లో అదే అంటే, మా ఇంటామె బీడీలు చుడుతూ తల ఎత్తకుండా, "మేడం మీద ఎగురుడెందుకు? పిల్లనే అడుగరాదూ?" అంది.

అడిగాను. మమత గోరు గిల్లుకుంటూ చెప్పింది.

"కూతకు పోతే అవుతలి పిల్లలు కనబడుతలేరు బాపు. నీ మడిమె కనబడుతాంది. నేను దొరికితే నువ్వు ఇంకిన్ని దినాలు గిట్లనే నడుస్తవు. ఇదివరకు ఆడేటప్పుడు ఏం యాదికి రాకపోతుండె. గందుకే మంచిగుంటుండె."

మొక్కు ఆపేస్తానన్నాను.

"మొక్కు నడుమల ఇడిస్తె దేవుడు ఊకుంటడారా?" అంది మా అవ్వ.

మళ్లీ శనివారం కొండగట్టుకు పోయాను. స్వామీ, నడుస్తానన్నది నేను, మోసింది నా బిడ్డ. ఈ మొక్కులో నీ మీది భక్తి ఎంత, నా ఆశ ఎంత? అని అంజన్నను అడిగాను. తప్పు కాయమని తలనీలాలిచ్చి, కింద దుకాణంలో చెప్పులు కొనుక్కున్నాను. మొదటి పది అడుగులు దొంగలా నడిచాను. ఆ తర్వాత కాళ్లకు హాయిగా అనిపించింది. అందుకు కూడా లెంపలేసుకున్నాను.

"బాపు గుండూ!" అని గడపలోనే నవ్వింది మమత. కాళ్లు చూసి ఆగిపోయింది. "మరి మొక్కు?"

"అది నాకూ అంజన్నకూ నడుమ మాట. మేం మాట్లాడుకున్నం. నీకెందుకు ఫికరు?"

"పేరు రాకుంటే?"

"రాకుంటే రాదు."

"అసలు సెలక్షన్లకే పోకుంటే?"

ఈ మాట నేను అనుకోలేదు.

"పోకుంటే... పోకు బిడ్డా."

రెండు రోజులు మమత గ్రౌండుకు పోలేదు. నేను అడగలేదు. అడగకుండా ఉండటం ఉపవాసం కంటే కష్టమైంది. మూడో రోజు బడి నుంచి ఆలస్యంగా, మోకాళ్ల నిండా మట్టితో వచ్చింది.

ఉమ్మడి జిల్లా సెలక్షన్లు కరీంనగర్‌లో. "వస్తే రా, ముందల మాత్రం నిలబడకు" అంది మమత. పిల్లలు బడి వ్యానులో పోయారు. నేను బస్సులో పోయి వెనక వేపచెట్టు చాటున నిలబడ్డాను. మమత రెండుసార్లు కూతకు పోయి ముగ్గురిని తాకి వచ్చింది. మూడోసారి దొరికింది. నలుగురు మీద పడ్డారు. ఆ కుప్ప అడుగు నుంచి నవ్వు వినిపించింది.

"లేవవే, బియ్యం బస్తా లెక్కున్నవ్!" అంది పైనున్న పిల్ల.

"ముందు నువ్వు దిగవే, బర్రె!" అంది అడుగున మమత.

పట్టినవాళ్లూ దొరికిందీ అందరూ నవ్వుతున్నారు. అవుటయి కూడా ఇంత సంతోషమా? నాకు అర్థం కాలేదు. కాని కళ్లు తుడుచుకున్నాను.

సాయంత్రం పేర్లు చదివారు. మమతది అదనపు ఆటగాళ్లలో చివరి పేరు. అంటే నా మొక్కు తీరినట్టా, తీరనట్టా? ఒక్క నిమిషం లెక్కలోకి దిగి, నన్ను నేనే తిట్టుకున్నాను.

పిల్లలు వ్యానెక్కుతున్నారు. మమత తాను బర్రె అని పిలిచిన పిల్లను పట్టుకుని, తను ఎలా దొరికిందో అందరికీ ఆడి చూపిస్తోంది.

"మమతా, మీ బాపు వస్తనన్నడు గదనే, ఏడి?" అంది గ్రేస్ మేడం.

"అయ్యో, మర్చేపోయిన మేడం!" అంటూ చుట్టూ వెతికింది. అంతలో ఎవరో ఏదో అన్నారు. మళ్లీ నవ్వులో పడిపోయింది.

వ్యాను కదిలేదాకా నేను చెట్టు చాటు నుంచి బయటికి రాలేదు.