ఓల్షింకా జనాభా

ఉదయం తొమ్మిదిలోపే, ఊరి ఆఫీసులో జనాభా పుస్తకం చూసే హెడ్వికా పదకొండు కాగితాల మీద గుండ్రటి ముద్ర వేసింది. ముద్రలోని సింహం ఒక్కసారైనా పక్కకి ఒరగలేదు.

మ్లీనెట్స్ అంటే ఒక చౌకు, ఒక వాగు, వాగుకి అవతల మూడు పల్లెలు. ఏ ఇంటి ఎర్ర పలక మీద ఏ నంబరుందో ఆమెకి కంఠతా వచ్చు. కూలిన ఇంటి నంబరు ఇంకో ఇంటికి ఇవ్వరు కనుక, లేని ఇళ్ళు కూడా ఆమెకి గుర్తే. పొట్టి మనిషి, గట్టి మనిషి; యాభైతొమ్మిదేళ్ళు. ముద్ర వేసీ వేసీ అరచెయ్యి కాయకాచింది.

మేయరు తలుపులోంచి తొంగిచూశాడు.

"ఓటకర్ గారు ఇవాళ వృద్ధాశ్రమానికి వెళ్ళిపోతున్నారు. చిరునామా అక్కడికి మార్చేస్తే ఓల్షింకాలో మిగిలేది సున్నా. మనిషి లేని పల్లె పేరు తీసేయాలని తీర్మానం ఉందిగా. రేపు మన ఊళ్ళ పటం అచ్చుకి వెళ్తుంది. మీకూ ఒక పేజీ తగ్గుతుంది."

"నా పేజీల జోలికి రాకండి" అంది హెడ్వికా.

ఉద్యోగంలో చేరిన రోజు ఓల్షింకా పేజీలో నలభైమూడు పేర్లు ఉండేవి. పోయినవాళ్ళ పేర్లన్నీ ఆమే స్కేలు పెట్టి కొట్టేసింది. ఈ చివరి గీత తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఏడుపొస్తే ఆమెకి ఆకలేస్తుంది. మధ్యాహ్నం రొట్టె పదింటికే తినేసి, రెండు ఫారాలు సంచీలో పెట్టుకుని బస్సెక్కింది.

ఏడో నంబరు ఇంట్లో తొంభయ్యేళ్ళ ఓటకర్ కోటు గుండీలన్నీ పెట్టుకుని, బూట్లేసుకుని కూర్చున్నాడు.

"నన్ను కొట్టేయడానికొచ్చావా అమ్మాయ్?"

"ఆ ఫారం మీరు ఆశ్రమంలో నింపుకోవచ్చు. ముందు దీని మీద సంతకం పెట్టండి. నేనీ ఇంట్లో ఉండడానికి యజమానిగా మీకు అభ్యంతరం లేదని."

ఆయన కాగితం రెండుసార్లు చదివి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"నలభై ఏళ్ళు ఒంటరిగా పడి ఉన్నాను. గుమ్మం దాటే రోజున కాపురానికొచ్చావా?"

"మీరు ఖాళీ చేస్తేగా!"

"పొయ్యి పొగ కక్కుతుంది. నిజంగా ఉంటావా, కాగితం మీదేనా?"

"అబద్ధం మీద నేను ముద్ర వెయ్యను."

భర్త పోయాక, నాలుగో అంతస్తులోని రెండు గదులు తప్ప ఆమెని పట్టి ఉంచేదేమీ లేదు. ఓటకర్ తాపీగా సంతకం పెట్టాడు. రెండింటికి వ్యాను వచ్చింది. ఆయన వెనక్కి చూడకుండా ఎక్కాడు.

హెడ్వికా ఆఫీసుకి తిరిగొచ్చింది. తన కాగితం మీద తనే ముద్ర వేసుకోకూడదు కనుక, ఆ పని పక్క బల్ల ఆవిడ చేత చేయించింది. మూడున్నరకి ఓల్షింకా పేజీలో ఆమె పేరు ఎక్కింది. మేయరు గొణుక్కుంటూ పటం తీసుకెళ్ళిపోయాడు. ఓల్షింకా అందులో ఉంది.

నాలుగున్నరకి ఆశ్రమం నుంచి ఫోను. చిరునామా మార్చే ఫారం ముందుపెట్టేలోపే ఓటకర్ గారు కుర్చీలో నిద్రపోయారట, లేపితే లేవలేదట.

హెడ్వికా ఆ పేజీ మళ్ళీ తెరిచింది. ఆయన ఓల్షింకా మనిషిగానే పోయాడు. ఒక గంటపాటు అక్కడి జనాభా రెండు. కళ్ళు తుడుచుకుని, స్కేలు పెట్టి ఆయన పేరు మీద గీత గీసింది. దాని కింద తన పేరు ఉంది.

ఐదింటికి ఆఫీసు మూసి, దుప్పటీ తీసుకుని బస్సెక్కింది. ఇంకా వెలుగుంది. ఏడో నంబరు తలుపు తీసి, బూట్లు విప్పడానికి వంగింది. గుమ్మం లోపల ఓటకర్ ఇంట్లో తొడుక్కునే ఉన్ని చెప్పులు, మడమలు అరిగి, ముందు కొసలు పొయ్యివైపు తిరిగి ఉన్నాయి.