వడకట్టిన ఆరేళ్ళు

నాకు నోరెక్కువ. మా ఆఫీసులో ఎవరినడిగినా ముందు ఈ సంగతే చెబుతారు. నీటి పరిశోధన కేంద్రంలో నా ఉద్యోగం కూడా నోటితో చేసేదే. వాగు గట్ల మీద చెత్త పోయొద్దని, కొండ మీద చెట్లు కొట్టొద్దని వీధి వీధికీ తిరిగి జనానికి నచ్చజెప్పాలి. వాళ్ళలో ఓపికున్నవాళ్ళని పట్టుకుని, వారానికోసారి వాగునీళ్ళు సీసాలో నింపి తెచ్చేలా ఒప్పించాలి. ఆ నీళ్ళలో ఎంత మట్టి ఉందో మా ల్యాబులో తూచి రాసుకుంటారు.

అలా తెచ్చేవాళ్ళలో ఒకరు మా పెదనాన్న. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది ఆయనే. బట్టలు కుట్టే మనిషి. ఇల్లు వాగు పక్కన, రాళ్ళ క్వారీకి సరిగ్గా దిగువన. క్వారీ కింద మేం నీళ్ళు తీయించే చోటు అదొక్కటే. ఆరేళ్ళలో ఆయన ఒక్క సోమవారం మానలేదు. మెడలో టేపు తీయడం మర్చిపోయి బస్సెక్కేవాడు. జాకెట్టు ఇంకా కుట్టలేదేమని ఎవరైనా నిలదీస్తే, "సైన్సు పని మీద ఉన్నానమ్మా, రేపు రా" అనేవాడట. పెద్దమ్మ పోయాక ఆయన మొహంలో వెలుగంటూ ఉంటే అది ఆ సోమవారాలదే.

జోరువాన కురిసిన మర్నాడు కూడా ఆయన సీసాలో నీళ్ళు తేటగా ఉండేవి. గట్ల మీద మేం నాటించిన గడ్డి మట్టిని ఆపుతోందని నేను సభల్లో ఊదరగొట్టాను. రిపోర్టులో కూడా అదే రాశాం. చప్పట్లు కొట్టించుకున్నాను, దాచడమెందుకు.

ఇంతలో క్వారీ కంపెనీ కొండ రెండో వైపు కూడా తవ్వుతామని అర్జీ పెట్టింది. తవ్వితే ఊరు తాగే వాగు బురదవుతుంది, కొండంతా రక్షిత ప్రాంతంగా ప్రకటించండని మేం అడ్డుపడ్డాం. కంపెనీ లాయరు తీరిగ్గా మా రిపోర్టే తీసి దాఖలు చేశాడు. ఆరేళ్ళుగా తవ్వుతున్నా నీళ్ళు తేటగానే ఉన్నాయని వీళ్ళే రాశారు కదా అన్నాడు. మా వేలితో మా కన్నే పొడిచాడు. విచారణ మూడు రోజులుందనగా మా డైరెక్టరు నన్ను పిలిచి, ఒక్కసారి నువ్వే వెళ్ళి చూసిరా అన్నాడు.

సోమవారం పొద్దున వెళ్ళాను. పెదనాన్న వాగు ఒడ్డున గొంతుక్కూర్చుని ఉన్నాడు. సీసా మూతికి తెల్లటి గుడ్డ పట్టి, మగ్గుతో నీళ్ళు పోస్తున్నాడు. మగ్గులో నీళ్ళు ఇటుక రంగులో ఉన్నాయి. సీసాలోకి దిగేవి మాత్రం తేటగా ఉన్నాయి.

"ఆ గుడ్డేంటి పెదనాన్నా?"

"మల్లు గుడ్డ, పల్చటి నూలుది. నాలుగు మడతలేశా. రెండే వేస్తే మట్టి దిగిపోతోంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకేమన్నా మతి పోయిందా? మట్టి ఎంతుందో చూడ్డానికే కదా ఈ నీళ్ళు పట్టమంది. వడకట్టమని నీకెవరు చెప్పారు?"

ఆయన గుడ్డ పిండి, దులిపి, భుజాన వేసుకున్నాడు.

"నువ్వే కదమ్మా. మొదటి వారం తెస్తే, నీళ్ళు తెమ్మంటే బురద మోసుకొచ్చావేంటి పెదనాన్నా, మా వాళ్ళ ముందు నా పరువు తీస్తావా అన్నావు. అందరూ నవ్వారు. ఆ సీసా అక్కడే సింకులో పారబోశావు. కొత్తగా ఉద్యోగంలో చేరావు, నా వల్ల నీకు మాట రాకూడదనుకున్నా."

గుర్తొచ్చింది. సరదాకన్నాను. ఆయన మొత్తం మీద తెచ్చిన అసలైన నీళ్ళు ఆ ఒక్క సీసాడే. దాన్ని పరీక్షకు పంపకుండా పారబోసింది నేనే.

అక్కడితో అయిపోలేదు. నీళ్ళు పట్టేటప్పుడు ఆరునెలలకోసారి పక్కనుండి చూసి, ఫారం మీద సంతకం చేయడం నా డ్యూటీ. మా పెదనాన్నని నేను తనిఖీ చేయడమేంటని ఆఫీసులో కూర్చునే పన్నెండు ఫారాల మీద సంతకాలు చేశాను. అది బయటపడితే ఉద్యోగం ఊడుతుంది. ఆ గట్టు మీదే కూలబడి ఈ సంగతంతా ఆయనకు చెప్పుకుని ఏడ్చాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆయన నా తల నిమిరి, "సరే, లే, చీర తడుస్తోంది" అన్నాడు.

విచారణ గదిలో పొడుగాటి బల్ల, దాని వెనక ముగ్గురు అధికారులు. వడకట్టిన సంగతి నేను డైరెక్టరుకు ముందే చెప్పాను, సంతకాల సంగతి చెప్పలేదు. ఆ నీళ్ళు వడకట్టినవని, లెక్కలు చెల్లవని ఆయన ఒప్పుకున్నాడు. అధికారులు పెదనాన్నను లేపారు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

"వడకట్టమని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. నా తెలివితక్కువతనం."

"ఆఫీసువాళ్ళు వచ్చి చూసేవారా?"

"వచ్చేవాళ్ళండి. వాళ్ళ ముందు మామూలుగానే పట్టేవాణ్ణి. వెళ్ళాక వడకట్టేవాణ్ణి."

వెనక ఎవరో "మహా ముదురు" అన్నారు. కొందరు నవ్వారు. ఆయన నా వైపు చూడలేదు. నేను రెండో వరసలో, ఆయనకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. లేచి, ఆయన చెప్పేది అబద్ధం అంటే చాలు. కొండ దక్కకపోయినా ఆయన పరువు దక్కేది. నేను ఒళ్ళో ఫైలు తెరిచి కాగితాలు సర్దుకున్నాను. నష్టం జరిగిందనడానికి ఆధారాలేవీ లేవని రాసి, అధికారులు తవ్వకానికి అనుమతిచ్చారు.

బస్సులో ఆయన కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. "ఇక సోమవారాలు రానక్కర్లేదుగా" అన్నాడు కాసేపటికి. అక్కర్లేదన్నాను. "మంచిదేలే, కుట్టాల్సిన బట్టలు పేరుకుపోయాయి" అన్నాడు. ఆ తర్వాత ఆయనకు కుట్టడానికి బట్టలే రాలేదు. కుళాయిల్లో ఎర్రనీళ్ళు వచ్చినప్పుడల్లా వీధిలోవాళ్ళు ఆయన గుమ్మం ముందు ఆగి ఓ మాట అనేసి పోయేవారు. ఆయన నాకు ఫోన్ చేసినప్పుడు తిన్నావా, పడుకున్నావా అనే తప్ప ఆ ఊసెత్తలేదు.

ఏడాది తిరక్కుండానే పోయాడు. నా ఉద్యోగం మాత్రం ఉంది. ప్రమోషన్ కూడా వచ్చింది.

ఆయన్ని సాగనంపి ఇంటికి తిరిగొచ్చాక, ఎదురింటావిడ నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆవిడ మనసు మంచిదే. వరండాలో వీధివాళ్ళు పదిమంది దాకా ఉన్నారు.

"మనిషి మంచివాడే పాపం. కానీ ఆ దొంగబుద్ధి ఎందుకు పుట్టిందో, ఊరికి కొండని లేకుండా చేశాడు. అవునా కాదా, నువ్వే చెప్పమ్మా, ఆఫీసులో ఉన్నదానివి."

అందరూ నా వైపు చూశారు.

"అవునండీ" అన్నాను.