మోషే గొర్రెలు కాసిన నలభై ఏండ్లు

తర్లుపాడు చర్చిలో ఏటా ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు పదిరోజులు క్లాసులు పెడతారు. ఈసారి బైబిల్లోని మోషే జీవితం చెప్పే పని యేసుమణికి పడింది. ఆమె మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో చెక్క ఫ్రేములు బిగిస్తుంది. చదివింది పదో తరగతి. మొదలుపెట్టిన పని సగంలో వదిలే మనిషి కాదు.

మోషే నూట ఇరవై ఏండ్లు బతికాడు. యేసుమణి ఆ బతుకును మూడు నలభైలు చేసి, నోటుబుక్కులో రాసుకోసాగింది. మొదటి నలభై ఐగుప్తు, అంటే ఈజిప్టు రాజింట్లో. చివరి నలభై, బానిసలుగా ఉన్న తన జనాన్ని విడిపించి ఎడారి గుండా నడిపించడం. ఈ రెంటికీ పేజీలు చాలలేదు. నడిమి నలభైకి మాత్రం నాలుగు ముక్కలే దొరికాయి. ఒకణ్ణి చంపి పారిపోయాడు, మిద్యాను దేశం చేరాడు, పెళ్లి చేసుకున్నాడు, మామ గొర్రెలు కాశాడు.

"నలభై ఏండ్లకు ఇంతేనా అన్నా?" అని సంఘపెద్ద ఆనంద్ బాబును అడిగింది.

"రాసినంతే చెప్పమ్మా. లేనిది మనమెందుకు కల్పించాల?" అన్నాడాయన.

కల్పించాలని ఆమెకూ లేదు. కానీ మామ గొర్రెలు కాసే మనిషి తర్లుపాడులోనే ఉన్నాడు. అంకన్న బేస్తవారిపేట పక్క పల్లె నుంచి ఇల్లరికం వచ్చి, ఇరవై రెండేండ్లుగా మామ మందే తోలుతున్నాడు. మోషే ఎవరో ఆయనకు తెలీదు. ఒకరోజు పొద్దున్నే, మంద కదలకముందే యేసుమణి పోయి కథంతా చెప్పింది.

"ఇంతకీ నన్నేం అడగాలని వచ్చినావమ్మా?" అన్నాడు అంకన్న.

"పొయ్యి రాజుతో మాట్లాడమని దేవుడు చెప్తే, నాకు నోరు తిరగదు అన్నాడు అన్నా. రాజింట్లో పెరిగినోడికి మాటలు రాకపోవడం ఏంది?"

"నలభై ఏండ్లు గొర్రెల్లో ఉంటే ఎట్లొస్తాయి? వాటికి ఈల, కేక చాలు. మొన్న రేషన్ కార్డు పనిమీద ఆఫీసుకు పోతే నా పేరు చెప్పనీకే తడబడినా. మా ఆమె చెప్పింది."

"మోషే బదులు వాళ్లన్న మాట్లాడినాడులే."

అంకన్న కర్ర భుజాన వేసుకున్నాడు. "జనాన్ని తోలుకుపోయింది తను మేపిన దిక్కుకేనా?"

"ఆ దిక్కుకే."

"అయితే దోవ ఎరిగినోడే. ఏ వాగులో చెలమ తవ్వితే నీళ్లు పడతాయో మాకు తెలుసు. ఇక్కడనుంచి కంభం చెరువుదాకా నేనెవుర్నీ దోవ చూపమని అడగనక్కర్లేదు. చివరికి చేరినాడా?"

"లేదన్నా. కొండమీద నుంచి ఆ దేశాన్ని చూసినాడంతే. అక్కడే పోయినాడు."

"మరి జనం?"

"దాటినారు. ఆయన కింద పనిచేసినాయన తీసుకుపోయినాడు."

"ముందే ఒకడికి పని నేర్పిపెట్టినాడన్నమాట," అన్నాడు అంకన్న. ఆయనకు కొడుకుల్లేరు. తన తర్వాత మంద ఎవరు తోలాలనేది ఆ ఇంట్లో తేలని మాట. అది గుర్తొచ్చి యేసుమణి సెలవు తీసుకుంది.

నాలుగోరోజు క్లాసులో, బైబిల్లో ఉన్నదేదో, అంకన్నను అడిగి తెలుసుకున్నదేదో విడివిడిగా చెప్పింది. వెనక నిలబడి విన్న ఆనంద్ బాబు అడ్డు చెప్పలేదు. క్లాసయ్యాక, "ఆయన్నే ఒకసారి పిలువు," అన్నాడు.

మర్నాడు మందను మామకు అప్పజెప్పి అంకన్న వచ్చాడు. ముప్పైమంది పిల్లలను చూడగానే ఆయనకు నోట మాట రాలేదు. తువ్వాలు తీసి మళ్లీ భుజాన వేసుకున్నాడు. అప్పుడు సంధ్యారాణి అనే ఏడో తరగతి పిల్ల లేచి, "గొర్రె తప్పిపోతే ఎట్ల కనుక్కుంటావు పెదనాయనా?" అని అడిగింది.

"ముందు... మందను ఆపాల," అన్నాడు అంకన్న. ఇంకో మాట వచ్చింది. తర్వాత ఇంకోటి. గిట్టల జాడ, మెడగంట, తోడేలు భయం, అన్నీ చెప్పాడు. ఆనంద్ బాబు కూడా కుర్చీ దగ్గరికి జరుపుకుని చెలమల సంగతి అడిగాడు.

మధ్యాహ్నం పిల్లలతోపాటు సాంబారన్నం తిని, మంద దగ్గర మామ ఒక్కడే ఉన్నాడంటూ అంకన్న వెళ్లిపోయాడు.