వెనక విన్నవి

కళ్లజోళ్ల దుకాణంలో ఫ్రేములు అమ్మే అతను రోజూ షట్టర్ ఎత్తగానే కౌంటరు మీది అద్దం తుడిచి, తన నెత్తి కనపడకుండా పక్కకి తిప్పేసేవాడు. వచ్చినవాళ్లందరికీ అద్దం చూపించే ఉద్యోగంలో ఉండి అద్దానికి జడవడం, చక్కెర జబ్బు మనిషి మిఠాయి కొట్టు నడిపినట్టే. సరే, ఆ గొడవ మనకెందుకు.

అతని వెనక బల్ల దగ్గర మిషను మీద లెన్సులు అరగదీసే అమ్మాయి కూర్చునేది. ఆమెని పెళ్లికి అడగాలని అతని కోరిక. మాడు బయటపడ్డాక నోరు పెగల్లేదు. వచ్చే ఏడు ఊరవతల తెరిచే కొత్త బ్రాంచికి వెళ్తావా అని యజమాని అడిగితే సరేనన్నాడు.

"నన్ను చేసుకోలేదూ మీ అక్క?" అన్నాడు ఇంట్లో ఈ సంగతి విన్న బావ, తన బట్టతల నిమురుకుంటూ.

"పెళ్లిచూపులకి టోపీతో వచ్చారు కాబట్టి!" అంది అక్క. "పదరా, డాక్టరు దగ్గరికి."

చర్మం డాక్టరమ్మ తాపీగా చెప్పింది. "లోషన్ రోజూ రాయాలి. మానేస్తే వచ్చిన జుట్టూ పోతుంది. కొందరికి దురద. మాత్ర రాలడాన్ని నెమ్మదింపజేస్తుంది. కొద్దిమందికి పడకగది ఉత్సాహం తగ్గుతుంది. లేదంటే వెనక వెంట్రుకలు తీసి ముందు నాటుతాం. అవి తొందరగా రాలవు. కాకపోతే, వెనక విన్నవన్నీ ముందుకొచ్చి చెప్తాయి."

"ఒరేయ్, మాత్రే మంచిదిరా," అన్నాడు బావ గబగబా. అక్క ఆయనకేసి అదోలా చూసింది.

పెళ్లి తలపున్నవాడికి మాత్ర మీద మనసు పోలేదు. నాటించుకున్నాడు. నాటినవి మొదట రాలాయి. అది మామూలేనంది డాక్టరమ్మ. కొన్ని నెలలకి మళ్లీ మొలకలొచ్చాయి.

కొత్త బ్రాంచికి మారబోయే ముందురోజు మధ్యాహ్నం అతను సొరుగు ఖాళీ చేసుకుంటుంటే, నుదుటి మీది జుట్టు మాట్లాడటం మొదలుపెట్టింది. ముందు బావ వెక్కిరింపులు. తర్వాత యజమాని దగ్గు. ఆ తర్వాత, మిషను రొదలో ఎప్పుడూ అతనికి వినపడని గొంతు. "ఒక్కసారి ఇటు తిరగొచ్చుగా." ఇంకో వెంట్రుక, "అడగడేం ఈ మనిషి?" మరొకటి, "నేనే అడిగితే ఏమనుకుంటాడో."

బట్టతల ఊసు ఒక్కటీ లేదు.

అతను సొరుగు మూసి వెనక్కి తిరిగాడు.

ఆమె లెన్సు మీంచి కళ్లెత్తలేదు. మిషను మాత్రం ఆపింది.

"చెవులు మొలిచాయా, ఇప్పటికి?" అంది.