టర్పెంటైన్‌కి లొంగని చుక్కలు

లాండ్రీ ఆవిడకు లొంగని మరక ఆ వీధిలో ఇంతవరకూ పుట్టలేదు. సిరా, తుప్పు, గ్రీజు, దేనికి ఏ మందు వెయ్యాలో ఆమెకు కంఠతా వచ్చు. అలాంటి మనిషికి దేవుడు ఏరికోరి పెయింటర్‌ని మొగుడిగా ఇచ్చాడు. పెళ్లయిన నాటినుంచీ దుప్పట్ల మీద, తలగడల మీద, ఆఖరికి పాలగిన్నె మీద కూడా రంగు చుక్కలే.

ఆ వారం మొగుడికి జ్వరం. ఒళ్లు పెనంలా కాలిపోతోంది, తల పగిలిపోతోందంటాడు. వీధి చివరి క్లినిక్ డాక్టరు తలెత్తకుండానే "వైరల్" అని మాత్రలు రాసిచ్చాడు. వేస్తే కాసేపు దిగుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. పెద్దాసుపత్రికి పోదామంటే "అదే పోతుందిలే" అంటాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా!

మధ్యాహ్నం అన్నం పెడదామని ఇంటికొచ్చింది. అతను నీళ్లు అందుకోబోతుంటే మణికట్టు కనబడింది. నిండా ఎర్రటి చుక్కలు. జ్వరమొచ్చి అతను ఎవరింటి దగ్గరో సగంలో వదిలేసి వచ్చిన గేటుకి వేసేది ఎర్ర రంగే. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"జ్వరంతో పనికెళ్లావా?"

"లేదే బాబూ. మంచం దిగితే ఒట్టు."

"నీ ఒట్టు తీసి గట్టున పెట్టు. ఈ చుక్కలేంటి మరి? నేనక్కడ ఆవిరిలో ఉడికి చస్తుంటే, నువ్వు దొంగచాటుగా గేట్లకి రంగులేస్తావా? ప్రాణం కంటే గేటు ఎక్కువైందా?"

ఓపిక లేక అతను కళ్లు మూసుకున్నాడు. కంచం అక్కడ పెట్టి ఆమె విసురుగా కొట్టుకి వెళ్లిపోయింది. ఆ కోపమంతా సాయంత్రం దాకా ఎవరి కాలర్ల మీదో చూపించింది.

తిరిగొచ్చేసరికి కంచం అలాగే ఉంది. అతను పలవరిస్తున్నాడు. ఆమె అతని ముఖం తుడిచి, అలవాటుకొద్దీ గుడ్డని రంగు వదిలించే టర్పెంటైన్‌లో ముంచి మణికట్టు రుద్దింది. చుక్క కదల్లేదు. ఇంకా గట్టిగా రుద్దింది. చుట్టూ చర్మం కందింది గానీ చుక్క చెక్కుచెదరలేదు. అరచెయ్యి తిప్పి చూస్తే అక్కడా ఉన్నాయి. అరికాళ్లలోనూ ఉన్నాయి. అరికాళ్లతో ఎవడైనా గేటుకి రంగేస్తాడా? ఇవి పైనుంచి పడ్డవి కావు, లోపలినుంచి వచ్చినవి. అతన్ని లేపి ఆటో ఎక్కించింది.

పెద్దాసుపత్రి గుమ్మంలో నర్సు అతని చెయ్యి చూసి, "పెయింటరా? ముందా రంగు కడిగి తీసుకురామ్మా" అంది.

"కడిగానమ్మా! ఊరందరి మరకలూ వదిలించే చేత్తోనే కడిగాను. రంగయితే నీదాకా ఎందుకొస్తాను?"

ఆ కేకకి డాక్టరమ్మ బయటికొచ్చింది. అరచేతులు, అరికాళ్లు చూసింది. "కుక్కలున్న చోట పనిచేశాడా?"

"ఆ గేటు దగ్గరే రెండున్నాయి. ఒళ్లోంచి దిగవని మురిసిపోయేవాడు."

డాక్టరమ్మ వెతికితే మోకాలి వెనక నల్లగా మాడిన చిన్న పుండు దొరికింది. "కుక్కల ఒంటిమీద రక్తం తాగే పిడుదులుంటాయే, అవి కుట్టి వచ్చిన జ్వరంలా ఉంది. పరీక్షల కోసం ఆగితే చెయ్యి దాటిపోతుంది, మందు ఇప్పుడే మొదలుపెడతాను. ఈ చుక్కలు ఎప్పుడు చూశావు?"

"మధ్యాహ్నం."

"అప్పుడే తీసుకురావాల్సిందమ్మా."

చూసింది, తిట్టింది, వెళ్లి కాలర్లు ఇస్త్రీ చేసుకుంది. తనమీద తనకే అసహ్యం వేసింది.

మందు పనిచేసింది. జ్వరం దిగాక ఒకరోజు ఆసుపత్రి మంచం మీద అతని తల దువ్వుతుంటే, చెవి వెనక ఇంకో ఎర్ర చుక్క కనబడింది. గోటితో గీకింది. పెచ్చులా ఊడొచ్చింది. రంగు.

"మంచం దిగితే ఒట్టన్నావు."

అతను గోడవైపు తిరిగాడు. "గేటుకి కింద కాస్త ముక్కే మిగిలిందే..."

అంటే ఆ మధ్యాహ్నం తను అన్నది నిజమే. ఆ నిజాన్నే పట్టుకు వేలాడి మనిషిని పోగొట్టుకునేది. తిట్టడానికి నోరు తెరిస్తే ఏడుపొచ్చింది.

"ఇంటికి రా, నీ పని చెప్తాను" అని, దువ్వెన పక్కన పడేసి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.